పాత బ్యాచ్‌ని కలపాలంటే ముందు అడ్మిషన్ రిజిస్టర్ తెరిపించండి

ప్రశ్న: 1994-95లో ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదివాం. రెండు సెక్షన్లు, సుమారు 80 మందిమి. ఇప్పుడు వాట్సాప్‌లో 14 మందిమే ఉన్నాం. మిగతావాళ్లని ఎలా పట్టుకోవాలి? అందరం కలిసే రోజు ఎలా పెట్టుకోవాలి?

జవాబు:

ముందు ఆ 14 మంది ఎవరో ఒకసారి చూసుకోండి. చాలావరకు పాసై, టౌన్లలో ఉద్యోగాలో వ్యాపారాలో చేసుకుంటున్న మగవాళ్లే అయ్యుంటారు. ఏ బ్యాచ్‌కైనా మొదటి గ్రూపు ఇలాగే తయారవుతుంది. గుర్తున్నవాళ్ల పేర్లు రాసుకుంటూ పోతే ఈ 14 మందీ, వాళ్ల దోస్తులూ కలిపి ముప్ఫై దగ్గర ఆగిపోతారు. పది తప్పి చదువు మానేసినవాళ్లు, పరీక్షలకు ముందే పెళ్లై వెళ్లిపోయిన ఆడపిల్లలు, హాస్టల్ పిల్లలు ఆ జాబితాలోకి రారు. వాళ్లు లేకుండా చేసుకునేదాన్ని బ్యాచ్ కలయిక అనడం నాకు నచ్చదు.

అందుకే మొదటి పని బడికి వెళ్లడం. హెడ్మాస్టరు గారి పేర ఒక కాగితం రాసి, నలుగురు సంతకాలు పెట్టి, అడ్మిషన్ రిజిస్టర్ చూడనివ్వమని అడగండి. అది బడిలో శాశ్వతంగా ఉంచే రికార్డు. హాజరు పట్టీలు చెదలు తిన్నా ఇది మాత్రం బీరువాలో ఉంటుంది. జూన్, జులైల్లో అడ్మిషన్లు, టీసీల హడావుడి ఉంటుంది కాబట్టి అప్పుడు వెళ్లకండి.

రిజిస్టర్లో పేర్లు తరగతి వారీగా ఉండవు, బడిలో చేరిన వరసలో ఉంటాయి. 1995 మార్చిలో పది రాసినవాళ్లలో ఆరో తరగతిలో చేరినవాళ్లు 1990 జూన్ పేజీల్లో దొరుకుతారు. చుట్టుపక్కల ఊళ్లలో ఏడు దాకా చదివి ఎనిమిదిలోకి వచ్చినవాళ్లు 1992 జూన్‌లో ఉంటారు. రెండు చోట్లా చూడకపోతే పక్క ఊళ్లవాళ్లు మొత్తం ఎగిరిపోతారు. తర్వాత బడి వదిలిన తేదీ గడి చూడండి. 1995 జూన్, జులైల్లో టీసీ తీసుకున్నవాళ్లు పాసైనవాళ్లు. ఆ గడి ఖాళీగా ఉన్నా, ఏళ్ల తర్వాతి తేదీ ఉన్నా వాళ్లు తప్పినవాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో. మీరు ముఖ్యంగా రాసుకోవాల్సింది ఈ పేర్లే. పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడే రాసుకోండి. పుట్టిన తేదీ, కులం గడులు మీకు అక్కర్లేదు. పేజీని ఫొటో తీసి గ్రూపులో పెడితే అవి కూడా అందరికీ చేరిపోతాయి, ఆ తర్వాత హెడ్మాస్టరు గారు మీకు మళ్లీ తలుపు తియ్యరు.

రాసుకున్న పేర్లను ఊరి వారీగా విడగొట్టండి. హైస్కూలుకు ఐదారు ఊళ్ల నుంచి పిల్లలు నడిచో సైకిలు మీదో వచ్చేవారు కాబట్టి ఒక్కో ఊరికి అక్కడే ఉంటున్న ఒకరికి బాధ్యత ఇవ్వండి. హైదరాబాద్‌లో కూర్చుని వెతికేవాళ్లకంటే ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతున్నవాడు రెండు రోజుల్లో ఎక్కువమందిని పట్టిస్తాడు. మనిషి లేకపోయినా తండ్రి పేరు చెబితే ఇల్లు చూపిస్తారు, అన్నో తమ్ముడో నంబరు ఇస్తాడు. రిజిస్టర్లోని పేరు ఊళ్లో ఎవరికీ తెలియకపోవచ్చు. రికార్డులో వెంకటేశ్వర్లు అయితే ఊరికి చంటి. అందుకే జాబితాలో పిలుపు పేరుకి కూడా ఒక గడి ఉంచుకోండి.

ఊరే లేకపోతే? ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల విషయంలో ఈ ఇబ్బంది వస్తుంది. అక్కడివాళ్లు పునరావాస కాలనీల్లో పాత ఊరి పేరుతోనే గుంపుగా ఉంటారు. మల్లన్నసాగర్ ముంపు ఊళ్లవాళ్లని గజ్వేల్ దగ్గరి కాలనీల్లో అడిగినట్టు, మీ వైపు కాలనీ ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి. ఇంకో చిక్కు జిల్లాలు మారడం. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రలో 2022లోనూ జిల్లాలు విడిపోయాయి. ఫేస్‌బుక్‌లో పాత జిల్లా పేరు మీద మాత్రమే వెతికితే సగంమంది తగలరు.

ఫేస్‌బుక్‌లో ఇంగ్లీషు అక్షరాలతో వెతికేటప్పుడు స్పెల్లింగులన్నీ మార్చి చూడండి. లక్ష్మి అనే పేరునే తెలంగాణలో చాలామంది ఎక్స్‌తో రాస్తారు, కోస్తాలో కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు. ఇంటిపేరు కొందరు ముందు పెడతారు, కొందరు చివర, కొందరు ఒక్క అక్షరంతో సరిపెడతారు.

ఇక ఆడపిల్లల సంగతి. వాళ్లని పట్టుకోవడంలోనే చాలా బ్యాచ్‌లు ఓడిపోతాయి. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఫోను చాలాసార్లు భర్త పేర ఉంటుంది. దారి పుట్టింటి వైపు నుంచే. తమ్ముడో వదినో ఉంటారు, వాళ్లకు మీ నంబరు ఇచ్చి, వీలైతే మాట్లాడమనండి. ఆమె నంబరు మీరు అడగకండి. మొదటి ఫోను తప్పకుండా ఇంకో క్లాస్‌మేట్ అమ్మాయే చెయ్యాలి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒక మగగొంతు ఫోన్ చేసి «నన్ను గుర్తుపట్టావా» అంటే ఆ ఇంట్లో ఆమె ఏం సమాధానం చెప్పుకోవాలో ఆలోచించండి. భర్త ఫోను ఎత్తితే ఆయనతోనే మర్యాదగా విషయం చెప్పి, ఇద్దరినీ పిలవడం మంచిది. ఆడవాళ్లలో ఇద్దరిని నిర్వాహకులుగా పెట్టుకున్న బ్యాచ్‌లకు ఈ పని చాలా తేలికవుతుంది.

ఎవరికి చేసినా ఆ మొదటి ఫోన్లో డబ్బు మాట, లింకు మాట, ఓటీపీ మాట ఏవీ రాకూడదు. ఈ రోజుల్లో తెలియని నంబరు అంటేనే మోసం అనుకుంటారు. మీరు నిజంగా మీరేనని తెలియాలంటే బయటివాళ్లకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. «అన్నయ్యా, నేను బి సెక్షన్, వేపచెట్టు వైపు కిటికీ పక్కన మూడో బెంచీ, లెక్కల సారు చాక్‌పీసు విసిరితే నీకు తగిలింది చూడు» అంటే అవతల గొంతు మారిపోతుంది. గ్రూపులో చేర్చే ముందు అడగండి, ఎందుకంటే చేర్చగానే వాళ్ల నంబరు అందరికీ కనిపిస్తుంది. గ్రూపు లింకును ఊరి ఫేస్‌బుక్ పేజీలో పెట్టడం అసలు వద్దు.

వెతికేటప్పుడు కొందరు చనిపోయారని తెలుస్తుంది. ఇద్దరు వేర్వేరు మనుషులు చెప్పేదాకా గ్రూపులో రాయకండి. ఒకే పేరున్న ఇద్దరిలో బతికున్నవాడి ఫొటోకి దండ వేసిన గ్రూపులు ఉన్నాయి.

గ్రూపులు రెండు పెట్టుకోండి. ఒకటి నిర్వాహకులు మాత్రమే రాసేది, తేదీ, చోటు, లెక్కలు అందులో. రెండోది కబుర్లకు. రెండూ కలిపితే రోజుకు రెండొందల గుడ్ మార్నింగుల కింద తేదీ మారిన సంగతి పూడిపోతుంది. రాజకీయాలు, చీటీలు, ఇన్సూరెన్స్, ఫ్లాట్ల అమ్మకాలు రెండింట్లోనూ వద్దని మొదటి రోజే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరో ఒకరిని వేలెత్తి చూపినట్టవుతుంది.

తేదీ విషయంలో నా సలహా ఒక్కటే, ఆడపడుచులు పుట్టింటికి వచ్చే పండగను పట్టుకోండి. కోస్తాలో సంక్రాంతి, తెలంగాణలో బతుకమ్మ, దసరా. అప్పుడు వాళ్లు ఎలాగూ ఊళ్లో ఉంటారు, ఇంకో ప్రయాణం అడగక్కర్లేదు. పండగ నాడే పెట్టకుండా ఒకటి రెండు రోజులు వదలండి. మంచి ముహూర్తాలున్న ఆదివారం అయితే సగంమంది పెళ్లిళ్లకు పోతారు, పంచాంగం చూసుకోండి. నాట్లు, కోతల రోజులైతే ఊళ్లో ఉన్నవాళ్లే రాలేరు. రైలు రిజర్వేషన్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటున్నాయి, పండగ రైళ్లు ఆ ఉదయమే నిండిపోతాయి. కాబట్టి తేదీ కనీసం 75 రోజుల ముందు ఖాయం కావాలి. వెతుకులాటకు నాలుగు నెలలు వేసుకుంటే మొత్తం ఆరున్నర నెలల పని. సెలవుల్లో బడి వాడుకోవాలంటే హెడ్మాస్టరు గారి అనుమతి కాగితం మీద తీసుకోండి, తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో, బాత్రూముల్లో నీళ్లొస్తాయో లేదో రెండు రోజుల ముందు వెళ్లి చూసుకోండి. ఈ నీళ్ల సంగతి అందరూ మర్చిపోతారు, ఇబ్బంది పడేది ఆడవాళ్లూ, పెద్ద వయసు సార్లూ.

ఖర్చు సుమారుగా ఇలా ఉంటుంది, ఊరిని బట్టి మారుతుంది. 60 మంది వస్తారనుకుంటే సార్లు, ఇంట్లోవాళ్లు, పనివాళ్లతో కలిపి 90 భోజనాలు, ప్లేటు 300 చొప్పున 27,000. టిఫిను, టీలకు 5,400. షామియానా, కుర్చీలు, మైకు 8,000. పదిమంది గురువులకు శాలువా, జ్ఞాపిక, పళ్లు తలా 700 చొప్పున 7,000. ఫ్లెక్సీ 2,000. ఫొటో, వీడియో 10,000. సార్లకు కార్లు 5,000. చేతిలో ఇంకో 5,000. మొత్తం 69,400. తలకు 1,200 పంచుకోవచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే ఆగండి. కూలికి పోయేవాడికి అది రెండు రోజుల సంపాదన, పైగా పని మానుకుని రావాలి. ఇవ్వలేనివాడు ఇవ్వలేనని చెప్పడు, ఆ రోజు ఒంట్లో బాలేదని మానేస్తాడు. ఇవ్వగలిగినవాళ్లు ఇష్టమొచ్చినంత ఒకరికి పంపండి, తగ్గినదాన్ని నలుగురైదుగురు చాటుగా సర్దుకోండి. ఎవరెంత ఇచ్చారనే పట్టిక గ్రూపులో పెట్టకండి. ఖర్చుల పట్టిక, బిల్లుల ఫొటోలతో సహా, మూడు రోజుల్లో పెట్టండి. మిగిలిందీ తగ్గిందీ రాయకపోతే అదే తర్వాత గొడవ.

గురువులకు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్లుంటాయి. వాళ్ల చిరునామాలు మండల పెన్షనర్ల సంఘంలో, ఉపాధ్యాయ సంఘాల పాతవాళ్ల దగ్గర దొరుకుతాయి. ఒక్కో సారుకు ఒక్కో విద్యార్థిని అప్పగించండి, ఇంటికి వెళ్లి తీసుకొచ్చి తిరిగి దింపేదాకా అతనిదే పూచీ. స్టేజీ ఎత్తుగా ఉంటే మెట్లు ఎక్కించకండి, కిందే కుర్చీలు వేసి సన్మానం చెయ్యండి. చాలామందికి షుగరు ఉంటుంది, తొమ్మిదికల్లా టిఫిను, ఒంటిగంటకు భోజనం తప్పకూడదు. గంట కొట్టిన అటెండరు, వాచ్‌మన్ ఉంటే వాళ్లకూ అదే శాలువా, అదే వరసలో.

అమెరికాలో ఉన్నవాళ్లని వీడియోలో చూపించాలంటే ఉదయం 9 గంటలకే పెట్టండి. సంక్రాంతి రోజుల్లో అప్పుడు న్యూయార్క్‌లో ముందు రోజు రాత్రి 10:30, కాలిఫోర్నియాలో 7:30 అవుతుంది. మధ్యాహ్నం పెడితే వాళ్లు నిద్రలో ఉంటారు.

పరిచయాలు ఒకొక్కరికి రెండు నిమిషాలంటే 60 మందికి రెండు గంటలు. ఒక్క నిమిషం చాలు. ఉద్యోగం, హోదా చెప్పొద్దని ముందే అనండి. ఏ ఊళ్లో ఉంటున్నారు, ఇంట్లో ఎవరెవరు, బడిలో గుర్తున్న ఒక్క సంగతి. మైకు మొదట తహసీల్దారుకో డాక్టరుకో ఇస్తే తర్వాతివాళ్లు నోరు విప్పరు. రిజిస్టర్ వరసలోనే పిలవండి. క్లాస్ టీచరు వచ్చి ఉంటే ఆయన చేతికే ఆ జాబితా ఇచ్చి హాజరు తీయించండి. పేరు వినగానే ఒక్కొక్కరూ లేచి «ప్రెజెంట్ సార్» అంటుంటే జుట్టు నెరిసిన మనిషి చెయ్యి తెలియకుండానే నిక్కరు జేబు దగ్గరికి పోతుంది. పోయినవాళ్ల పేర్లు కూడా ఆ వరసలోనే చదవాలి. అప్పుడు ఎవరు లేచి నిలబడాలో ముందే వాళ్ల పక్క బెంచీవాడికి చెప్పి ఉంచండి.

సాయంత్రం మందు పార్టీ పెట్టాలని ఎవరో ఒకరు పట్టుబడతారు. బడిలో వద్దు, ఆ రోజే వద్దు. దాని మాట గ్రూపులో నడిస్తే ఆడవాళ్లు రావడం మానేస్తారు. వాళ్ల బస్సులకు తగ్గట్టు నాలుగింటికల్లా ముగించండి. ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టేది ఒక్కరే కావాలి, అదీ మొత్తం గుంపు ఫొటో మాత్రమే. పాత వెక్కిరింపు పేర్లు, ఎవరికెవరు ఇష్టమనే జోకులు మైకులో వద్దు, అవి ఇళ్లదాకా పోతాయి.

బడికి ఏదైనా ఇవ్వాలనుకుంటే ఏం కావాలో హెడ్మాస్టరు గారినే అడగండి. ఆర్వో ప్లాంటు అందరికీ నచ్చుతుంది గానీ ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చేవాళ్లు లేక మూలపడ్డవి చాలా ఉన్నాయి. బెంచీలు, బీరువా, ఫ్యాన్లు నయం. నగదు ఇవ్వకుండా వస్తువు కొని, బిల్లుతో అప్పగించి, స్టాక్ రిజిస్టర్లో రాయించండి.

ఎంత వెతికినా పదిమందో పదిహేనుమందో దొరకరు. వాళ్ల పేరు, తండ్రి పేరు, ఊరు పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి భోజనాల వరస పక్కన గోడకు అంటించండి. ప్లేటు పట్టుకుని నిలబడ్డవాళ్లు చదువుతారు, «వీడు మా బావమరిది ఊళ్లోనే ఉన్నాడు» అని ఎవరో అంటారు, అక్కడే నంబరు రాస్తారు. పెన్నును మాత్రం దారంతో చార్టుకే కట్టండి, లేకపోతే పది నిమిషాల్లో ఎవరి జేబులోకో వెళ్లిపోతుంది.