డ్యూటీల అంటిన జబ్బు ఇంట్లకొస్తే పూచీ ఎవరిది?

ప్రశ్న: అక్కా, మాది నల్లగొండ దగ్గర పల్లె. మా ఆయన టౌన్ల ఒక ప్రైవేట్ దవాఖానల హౌస్‌కీపింగ్ చేస్తడు, ఏజెన్సీ నుంచి పెట్టుకున్నరు, మూడేండ్లయితున్నది. ఛాతీ రోగుల వార్డే ఎక్కువ పడ్తది, తెమడ డబ్బాలు ఆయనే తీస్తడు. మూతికి ఒక పల్చటి మాస్కు, అది గూడ రెండు రోజులు నడిపియ్యాలె. మొన్న దసరా కాడ దగ్గు పట్టి తగ్గకపోతే పరీక్ష చేయించినం, టీబీ అన్నరు. నెలన్నర తిరక్కముందే మా నాలుగేండ్ల పాపకు గూడ అదే. పాప రోజూ వాళ్ల నాయిన ఛాతి మీదనే పండేది. సూపర్‌వైజర్‌ని అడిగితే "పిల్లకొచ్చిన జబ్బుకు మాకేం సంబంధం" అన్నడు. యూనిఫాం సంచి ఇంట్లకు తెచ్చి పిల్లకు అంటించినవని అత్తమ్మ రోజూ ఆయన్ని తిడ్తున్నది. మాకేమన్న దారున్నదా?
– ఒక చెల్లె, నల్లగొండ జిల్లా

జవాబు: చెల్లె, ముందు అత్తమ్మకు చెప్పు, టీబీ బట్టలతోని, సంచులతోని అంటదు, దగ్గినప్పుడు గాలిల కలిసి అంటది. ఆయన తప్పేం లేదు, ఆయనకే తెల్వకుండ అంటింది. నువ్వు, అత్తమ్మ ఇద్దరూ ఈ వారంలనే సర్కారు దవాఖానకు పోయి చెక్ చేయించుకోండ్రి, పరీక్ష, మందులు అన్నీ ఫ్రీ, పోషణకు నెలకు 1000 రూపాయలు గూడ రోగి ఖాతాల పడ్తయి, అవి మీ ఆయనకు, పాపకు వస్తున్నయో లేదో అడుగు.

ఇగ అసలు సంగతి. పనిచేసేటోళ్ల ఇంటోళ్లకు జబ్బు అంటితే యజమాని పైసలు కట్టాలని నేరుగా రాసిన సెక్షన్ మన దగ్గర లేదు, నీకు అబద్ధం చెప్పను. అమెరికల కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ముందట ఇసొంటి కేసే వచ్చింది, భర్త పనికాడ కరోనా తెచ్చుకుంటే భార్యకు అంటి ఆమె దవాఖాన పాలయింది, 2023 జులైల కోర్టు యజమానికి ఆ బాధ్యత లేదన్నది, ఇట్ల ఒప్పుకుంటే కేసులకు అంతుండదని. అదే కోర్టు 2016ల మాత్రం కార్మికుల బట్టలకు అంటి ఇంటికొచ్చిన ఆస్బెస్టాస్ దుమ్ముకు కంపెనీలకు బాధ్యత ఉన్నదన్నది. నాకైతే మీ కేసు ఆ రెండో దానికే దగ్గర అనిపిస్తది, ఎందుకంటే కరోనా బజార్ల గూడ అంటేది, కానీ ఛాతీ వార్డుల తెమడ డబ్బాలు తీసే మనిషికి టీబీ ఎక్కడ అంటిందో ఊహించుడు కష్టం కాదు, నాలుగేండ్ల పిల్లకు గూడ ఎక్కువగా ఇంట్లోళ్ల నుంచే వస్తది.

అందుకే ముందు ఆయన జబ్బు పనికాడిదని కాయితం మీద రావాలె, పాప కేసు దాని మీదనే నిలబడ్తది. 1923 పరిహార చట్టం, 1948 ఈఎస్‌ఐ చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌ల కలిసినయి గని, పనితోని వచ్చే జబ్బుల లిస్టు అయిన మూడో షెడ్యూల్‌ల 'ఎ' (A) భాగంల మొదటి మాటే అంటురోగాలు, అంటే జబ్బు అంటుకునే ప్రమాదం ప్రత్యేకంగ ఉన్న పనుల వచ్చేటియి. దవాఖాన పని అందుల వస్తది. పే స్లిప్ చూడు, 13000 జీతమైతే 98 రూపాయలు ఈఎస్‌ఐకి కటింగ్ ఉండాలె. కటింగ్ ఉంటే నీకు, పాపకు గూడ ఈఎస్‌ఐ వైద్యం వస్తది, ఆయనకు సెలవు పైసలొస్తయి. ఏజెన్సీ కట్టకపోతే దవాఖానే కట్టాలె, "మా మనిషి కాదు" అంటే నడవది.

పాప విషయం సివిల్ కోర్టుల నిర్లక్ష్యం కింద వేయాలె, అక్కడ రుజువే ముఖ్యం. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం దవాఖాన చెత్త ముట్టే ప్రతి మనిషికీ పనిల చేరినప్పుడు, తర్వాత ఏడాదికోసారన్న హెల్త్ చెకప్ చేసి రికార్డు పెట్టాలె, సరైన మాస్కులు, గ్లౌజులు ఇయ్యాలె. మూడేండ్లల ఒక్క చెకప్ చేసిన్రా? ఆయన్ని యాదికి తెచ్చుకోమను. చెయ్యకపోతే నీ చేతిల ఉన్న గట్టి రుజువు అదే. చెకప్ చేసి జబ్బును ముందుగాల్నే పట్టుకుంటే పాపదాక వచ్చేది కాదేమో, ఇది తలుచుకుంటే నాకు గుండె కలుక్కుమంటది.

ఆ చెకప్ రికార్డు కాపీ కావాలని దవాఖానకు రిజిస్టర్డ్ పోస్టుల లెటర్ రాయించు, రసీదు దాచు. ఇద్దరి రిపోర్టులు, డ్యూటీ చార్టు ఫొటోలు, ఆ మాస్కు గూడ ఒక కవర్ల పెట్టు. లాయర్ ఫీజుకు భయపడకు, ఆడోళ్లకు, పిల్లలకు ఆదాయం ఎంతున్నా లీగల్ సర్వీసెస్ కింద లాయర్‌ని ఫ్రీగా ఇస్తరు, నల్లగొండ కోర్టుల జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుకు పో, లేకపోతే 15100కి ఫోన్ చెయ్యి. పాప పేరు మీద అర్జీ నువ్వే పెట్టొచ్చు, తల్లివి కదా.