తూర్పు జర్మనీలో రైతు పార్టీ మనిషి స్పీకర్ ఎలా అయ్యాడు?
తూర్పు జర్మనీ పార్లమెంటు స్పీకరైన గ్యుంటర్ మలోయ్డా రైతు పార్టీ నాయకుడని మీ నోట్సులో ఉందని, ఒకే పార్టీ ఏలిన దేశంలో అదెలా కుదిరిందని అడిగారు. టెన్షన్ పడకండి, నోట్సులో తప్పేం లేదు. అక్కడ వేరే పార్టీలూ ఉండేవి, కాకపోతే పెత్తనం మాత్రం కమ్యూనిస్టులదే. 1948లో పుట్టిన ఈ రైతు పార్టీ మొదటి అధ్యక్షుడు గోల్డెన్‌బామ్ కూడా పాత కమ్యూనిస్టే మరి!

మలోయ్డా 1987లో పార్టీ అధ్యక్షుడయ్యాడు. అసలు కథ 1989 నవంబరు 13న జరిగింది. బెర్లిన్ గోడ తెరుచుకుని నాలుగు రోజులే అయింది. పార్లమెంటులో రహస్య ఓటింగ్ పెడితే, లిబరల్ నాయకుడు గెర్లాఖ్‌ను ఓడించి స్పీకరయ్యాడు. ఆ కుర్చీ కొన్ని నెలలే దక్కిందనుకోండి.

1990లో పార్టీ క్రిస్టియన్ డెమోక్రాట్లలో కలిసిపోయింది. ఈయన దారి వేరు: 1994లో పాత పాలక పార్టీ వారసులైన పీడీఎస్ జాబితా మీద ఏకమైన జర్మనీ పార్లమెంటు బుండెస్టాగ్‌కు వెళ్లాడు.