చెప్పు జారుతుంటే ముందు అదే చూపించండి

ప్ర: నా వయసు 44. ధాన్యం గోదాములో హమాలీని. మూడు వారాల కిందట బస్తా ఎత్తుతుంటే నడుం పట్టేసింది. మర్నాటి నుంచి ఎడమ పిరుదు దగ్గర మొదలై, పిక్క బయటి వైపుగా పాదం పైదాకా జివ్వున లాగింది. ఇప్పుడు నొప్పి కాస్త నయం గానీ నడుస్తుంటే ఎడమ చెప్పు జారిపోతోంది. ఎమ్మారైలో ‘ఎల్4-ఎల్5 డిస్క్ ఎడమ నరాన్ని నొక్కుతోంది’ అని వచ్చింది. ఒకరు ఆపరేషన్ అంటున్నారు, ఇంకొకరు రెండు నెలలు మంచం దిగొద్దంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, నిజామాబాద్

జ: మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ చెప్పులోనే ఉంది. పాదాన్ని, బొటనవేలిని పైకి లేపే కండరాలు ప్రధానంగా ఎల్5 నరం మీద ఆధారపడతాయి. నడుములోని నాలుగు, ఐదు పూసల (ఎల్4, ఎల్5) మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారితే సాధారణంగా నలిగేది అదే. నొప్పి పాకిన దారి, చెప్పు, స్కాన్ మూడూ మీ విషయంలో ఒకే మాట చెబుతున్నాయి. ఈ పొంతన లేకుంటే స్కాన్ చూసి కంగారు పడక్కర్లేదు. ఏ నొప్పీ లేనివాళ్లలోనూ నలభై దాటాక డిస్క్ ఉబ్బు చాలామందికి కనిపిస్తుంది.

నొప్పి తగ్గిందని ధీమా వద్దు. నొప్పి తగ్గుతూ కాలు వాలిపోతుంటే నరం చచ్చుబడుతోందేమో చూడాలి. గోడ పక్కన నిలబడి, వేళ్లు పైకెత్తి మడమల మీద పదడుగులు వేయండి. ఎడమ పాదం నిలవక టప్పున నేలకు కొట్టుకుంటే బలం పోయినట్టే. ఆసుపత్రిలో డాక్టరు బొటనవేలిని కిందికి నొక్కి ‘పైకి లేపు’ అంటారు, ఆ బలానికి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 4 ఉంటే మందులు, ఫిజియోథెరపీతో కొన్ని వారాలు చూడొచ్చు, వారానికోసారి మళ్లీ పరీక్షించుకుంటూ. 3కి గానీ అంతకు కిందికి గానీ పడినా, రోజురోజుకూ దిగజారుతున్నా ఆపరేషన్ అన్నవారి మాటే వినండి. రెండు మూడు రోజుల్లోనే వెన్నెముక సర్జన్‌కు గానీ న్యూరోసర్జన్‌కు గానీ చూపించి, ఆ మార్కు చీటీ మీద రాయించుకోండి.

రెండు నెలల మంచం మాత్రం పాతకాలపు సలహా. ఒకటి రెండు రోజులకు మించి పడుకుంటే కండలు కరిగి కోలుకోవడమే ఆలస్యమవుతుంది. ఓర్చుకోగలిగినంత సేపు రోజుకు నాలుగైదుసార్లు నడవండి. బస్తాల జోలికి వెళ్లొద్దు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అన్నం తిన్నాకే, కొద్ది రోజులే. కిడ్నీ జబ్బో కడుపులో పుండో ఉంటే అసలు ముట్టొద్దు. బీ12 సూదులంటారా, ఒంట్లో అది తక్కువున్నవాళ్లకే పనికొస్తాయి. జారిన డిస్కును అవి వెనక్కి నెట్టలేవు. బలం తగ్గకుండా నొప్పి ఒక్కటే ఉన్నవాళ్లలో చాలామందికి 6 నుంచి 12 వారాల్లో అదే సర్దుకుంటుంది. జారిన ముక్కను ఒళ్లే చాలావరకు కరిగించుకుంటుంది.

ఒక్కటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, దొడ్డికి వెళ్లి కడుక్కునేటప్పుడు నీళ్లు తగిలిన సంగతి తెలియకపోయినా, నొప్పి రెండో కాలికీ పాకినా తెల్లారేదాకా ఆగొద్దు. ఎమ్మారై, సర్జన్ ఉన్న పెద్దాసుపత్రికి ఆ రాత్రే వెళ్లాలి. అక్కడ లెక్క గంటల్లోనే, 48 గంటలు దాటితే మూత్రం మీద పట్టు మళ్లీ రావడం కష్టం.

ప్ర: అమ్మకు 66 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు వీధులు నడిచేసరికి పిక్కలు బరువెక్కి ఆగిపోతుంది. కూర్చుంటే తగ్గుతుంది. షుగర్ వల్లేనా?
- ఓ పాఠకురాలు, విజయనగరం

జ: షుగర్ నరాల మంట అరికాళ్లలో, రాత్రి పడుకున్నాక ఎక్కువ. ఇది ఆ వరస కాదు. నడుములో నరాల దారి ఇరుకైతే కూర్చుంటేనో ముందుకు వంగితేనో హాయిగా ఉంటుంది, ఊరికే నిలబడితే తగ్గదు. కాలి రక్తనాళం పూడుకుంటే మాత్రం నిలబడినా తగ్గిపోతుంది. ఈసారి ఆగినచోట అమ్మగారిని కూర్చోనివ్వకుండా నిటారుగా నిలబెట్టి చూడండి. తగ్గితే ముందు కాళ్లకు డాప్లర్ పరీక్ష (రక్తం పారే తీరు చూసే స్కాన్) చేయించండి, నడుం స్కాన్ సంగతి తర్వాత.