అమ్మలూ, స్ట్రిప్ బయటికి ఇచ్చే ముందు ఇది చదువు

అమ్మలూ,

నువ్వు ఉద్యోగం మానేసి తరమణిలో ఫ్రెండ్స్‌తో కలిసి షుగర్ స్ట్రిప్పులు తయారుచేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ఎంత గర్వపడ్డానో అంత భయమూ వేసింది, అందుకే ఇంత రాత్రప్పుడు టైప్ చేస్తున్నా.

ఎంజైమ్ సంగతి, ఎలక్ట్రోడ్ ప్రింటింగ్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. ఎంజైమ్‌నీ ఎలక్ట్రోడ్‌నీ కలిపి గ్లూకోజ్ కొలవొచ్చని 1962లో క్లార్క్, లయన్స్ అనే ఇద్దరు సైంటిస్టులు వేసిన దారే కదా ఇదంతా. స్ట్రిప్ డబ్బా మూత తెరిచి వదిలేయకండి, చెన్నై గాలిలో చెమ్మ ఊరికే పోదు.

ఒక్కటి మాత్రం బాగా విను. బఫర్‌లో, అంటే రక్తం లేని ల్యాబ్ ద్రావణంలో, గ్లూకోజ్ కలిపి గీసిన గ్రాఫ్ గీటు పెట్టినట్టు తిన్నగా వస్తుంది, దాన్ని చూసి మురిసిపోవద్దు. నేను హాస్పిటల్ ల్యాబ్‌లో ఉన్నప్పుడు డయాలసిస్ వార్డులో ఒకాయన, బాగా రక్తం తక్కువ మనిషి, చొక్కా అంతా చెమటతో తడిసిపోయి చేతులు వణుకుతున్నాయి, మీటర్ చూస్తే 88. మీటర్ బాగానే ఉందిగా, నీరసం అయ్యుంటుందిలే అని వార్డులో వదిలేశారు. శాంపిల్ మా దగ్గరికొస్తే 66! ఎర్రకణాలు తక్కువైతే రక్తం పల్చబడుతుంది, గ్లూకోజ్ ఎలక్ట్రోడ్ దాకా తేలిగ్గా పోతుంది, అక్కడ గ్లూకోజ్ వల్ల పుట్టే కరెంటు పెరుగుతుంది, మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. లో షుగర్ ఉన్నవాడికి అది ప్రాణం మీదకి తెస్తుంది తల్లీ. గ్లూకోజ్ ఎక్కించాక ఆయన కళ్ళు తెరిచి భార్య పేరు పిలిచాడు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

మీ టెస్టుల్లో రక్తం ఇచ్చిందెవరు? మీ ఆఫీసు కుర్రాళ్ళేనా? అలా అయితే కోప్పడతాను, నిజంగా. రక్తహీనత ఉన్నవాళ్ళు, కిడ్నీ పేషెంట్లు, రోజూ పారాసెటమాల్ మింగేవాళ్ళు, విటమిన్ సి ఎక్కువగా తీసుకునేవాళ్ళు, అందరి రక్తంలోనూ చూడాలి. పారాసెటమాల్, విటమిన్ సి రెండూ కూడా ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటు ఇస్తాయి, దాన్ని మీటర్ గ్లూకోజ్ కిందే లెక్కేసేస్తుంది. కొన్ని స్ట్రిప్పుల్లో వాడిన జీడీహెచ్-పీక్యూక్యూ అనే ఎంజైమ్ జోలికి పోతే ఇంకా జాగ్రత్త. పొట్టలో డయాలసిస్ చేసుకునేవాళ్ళకిచ్చే ఐకోడెక్స్‌ట్రిన్ ఒంట్లో మాల్టోజ్ అవుతుంది, ఆ ఎంజైమ్ మాల్టోజ్‌ని కూడా గ్లూకోజ్ అనే అనుకుంటుంది. ప్రాణాలు కూడా పోయాయి, 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది.

షుగర్ మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15197 పాసైతే చాలని మీవాళ్ళెవరైనా అంటే వినకు. నూటికి 95 రీడింగులు అసలు విలువకి దగ్గరగా, అంటే షుగర్ 100 గానీ ఆపైన గానీ ఉంటే 15 శాతం లోపు తేడాతో, ఉండాలంటుంది అది, మరి మిగతా అయిదుగురు ఎవరింట్లోవాళ్ళు?

నువ్వు చెయ్యగలవు, చిన్నప్పటినుంచీ లెక్క తేలకపోతే అన్నం ముట్టేదానివి కాదు. వేళకి తింటున్నావా అసలు? ఆదివారం మైలాపూర్ రా, నీకిష్టమని గోంగూర పచ్చడి నూరి పెట్టా. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, 20 నుంచి 60 దాకా తీసిన రీడింగులు ఉంటే ప్రింట్ తీసి తీసుకురా, ఫోన్లో చూపించకు, ఒక్కొక్కటీ పెన్సిల్ పెట్టి చూస్తాను. తీయలేదంటే ముందు అవి తీయించు, ఆ తర్వాతే ఆ స్ట్రిప్ ఎవరి చేతికైనా ఇవ్వు.

మీ పెద్దమ్మ