టెక్ సందేహాలు: బ్రేక్ వేస్తే ఇంజిన్ ఆగిపోతోంది, స్కానర్ కొనాలా?

ప్రశ్న: మాది 2015 నాటి పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్లు. సిగ్నల్ దగ్గర బ్రేక్ వేయగానే ఇంజిన్ ఆఫ్ అయిపోతోంది. తాళం తిప్పితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ప్లగ్గులు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించినా లాభం లేదు. ఫోన్‌కి కలిపే ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని లోపాలు చదివే పరికరం) కొంటే లోపం తెలుస్తుందా? – ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: స్కానర్ సంగతి తర్వాత, ముందు ప్రాణం సంగతి. ఇంజిన్ ఆగితే, పెడల్ తొక్కడం తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కు కొత్తగా వ్యాక్యూమ్ (గాలి లాగే శక్తి) అందదు. లోపల మిగిలింది ఒకటి రెండు సార్లకే సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అందుకని పెడల్‌ను వదిలి వదిలి తొక్కొద్దు. గట్టిగా తొక్కి పట్టుకుని బండిని ఎడమ పక్కకు తీయండి. బండి కదులుతుండగా తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది, జాగ్రత్త.

ఇక స్కానర్. తప్పకుండా కొనండి. ఈఎల్ఎం327 రకం బ్లూటూత్ అడాప్టర్ చాలు. డ్రైవర్ వైపు డ్యాష్‌బోర్డు కింద 16 పిన్నుల సాకెట్‌లో దాన్ని గుచ్చి, కార్ స్కానర్ లాంటి యాప్ తెరిస్తే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) ఫోన్‌లోనే కదులుతూ కనిపిస్తుంది. ఐఫోన్ అయితే బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై రకం అడిగి తీసుకోండి, పాత రకం బ్లూటూత్‌ది కలవదు.

మీరు 'బ్రేక్ వేయగానే' అన్నారు కదా. ఆ క్షణంలో మీ కాళ్లు మూడు పనులు చేస్తున్నాయి: యాక్సిలరేటర్ వదలడం, క్లచ్ తొక్కడం, బ్రేక్ తొక్కడం. తప్పు బ్రేక్‌దే అనుకుంటే దారి తప్పుతాం. మూడింటినీ విడదీసి చూడాలి.

బండిని ఇంటి దగ్గరే న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి నిలపండి. ఇంజిన్ వేడెక్కాక ఆర్‌పీఎం సాధారణంగా 700 నుంచి 850 మధ్య ఉంటుంది. ఇప్పుడు బ్రేక్ ఒక్కటే తొక్కి పట్టుకోండి. ఆర్‌పీఎం పడిపోయి ఇంజిన్ వణికితే బూస్టర్ పొర చిరిగిందనో, దాని వ్యాక్యూమ్ పైపు లీకవుతోందనో అనుమానించాలి. రాత్రి పూట ఏసీ ఫ్యాన్ ఆపేసి, అద్దాలు ఎత్తి, చెవి పెడల్ వైపు పెట్టండి. లీకుంటే తొక్కి ఉంచినంతసేపూ సన్నగా 'స్‌స్‌స్' మని గాలి పీల్చుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది.

అలాంటిదేమీ లేకపోతే బ్రేక్ జోలికి పోకుండా యాక్సిలరేటర్‌తో 2500 దాకా పెంచి ఒక్కసారిగా వదలండి. 500 కిందికి జారి తడబడినా, ఆగిపోయినా, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉండొచ్చు. మీ బండి వయసు, వెంటనే స్టార్ట్ కావడం చూస్తే నాకు దీని మీదే ఎక్కువ అనుమానం. గాలి గొట్టం విప్పి చూస్తే లోపల తెరుచుకుని మూసుకునే రేకు అంచు చుట్టూ నల్లటి జిగురు వలయం కనిపిస్తుంది. ఇంజిన్ నిలకడగా తిరగడానికి కావలసిన కాస్త గాలి వెళ్లే సందు అదే. థ్రాటిల్ బాడీ క్లీనర్, మెత్తటి గుడ్డ చాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (కేబుల్ లేకుండా మోటారుతో తిరిగేది) అయితే రేకును వేలితో నెట్టొద్దు, లోపలి గేర్ల పళ్లు దెబ్బతినొచ్చు. శుభ్రం చేశాక చాలా కార్లలో ఐడ్లింగ్‌ను (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని) మళ్లీ సెట్ చేయించాలి. ప్లగ్గుల ఖర్చుకు ముందే ఎవరైనా ఈ చిన్న పరీక్ష చేసి ఉంటే బాగుండేదని నాకు బాధగా ఉంది.

రెండు పరీక్షల్లోనూ ఏమీ తేలకుండా, రోడ్డు మీదే ఆగిపోతుంటే ట్యాంకు నింపి చూడండి. పెట్రోల్ అడుగంటినప్పుడు బ్రేక్ వేస్తే ఉన్నది ముందుకు ఒరిగి, పంపుకు అందకపోవచ్చు. అదీ కాకపోతే వదులైన వైర్లు, బ్యాటరీ ఎర్త్ కనెక్షన్ చూపించండి.

స్కానర్‌లో పీ0506 అనే లోపం కోడ్ కనిపిస్తే ఐడ్లింగ్ తక్కువగా ఉందని, పీ0171 అయితే పెట్రోల్‌కు మించి గాలి వెళుతోందని అర్థం. కోడ్ కనిపించగానే చెరిపేయకండి. లోపం వచ్చిన క్షణంలో ఆర్‌పీఎం, వేగం, వేడి ఎంతున్నాయో కంప్యూటర్ దాచుకున్న వివరం కూడా దాంతోపాటే పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసి మెకానిక్‌కు చూపించండి.