కమ్మీ పట్టుకోనివ్వకు

అమ్మలూ,

ప్రాజెక్టు కోసం అరవై దాటినవాళ్లను ట్రెడ్‌మిల్ ఎక్కించబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. నా తర్వాత మన ఇంట్లో ఆ మిషన్ స్విచ్ వేసేది నువ్వేనని మీ అత్తకి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

బీపీ చూడు. నెల లోపు గుండెపోటు వచ్చినవాళ్ల జోలికే పోకు. డాక్టరు పక్కన లేకుండా మొదలుపెట్టకు. లుంగీతో, రబ్బరు చెప్పుల్తో వచ్చినవాళ్లు తిట్టుకున్నా సరే, వెనక్కి పంపు. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియంది ఒకటి చెబుతాను.

1996లో మన పెరంబూరు పెద్దాయన ఒకరు, ఐసీఎఫ్ రైలుపెట్టెల ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవారు, టీఎంటీకి, అదే ట్రెడ్‌మిల్ మీద గుండె పరీక్షకి వచ్చారు. కాలినడకన తిరుమల ఎక్కుతానని మొక్కుకున్నారట. బ్రూస్ పద్ధతి తెలుసుగా, మొదటి మూడు నిమిషాల్లోనే గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం ఏటవాలు. మూడేసి నిమిషాలకి రెండూ పెరుగుతాయి. ఆయన మోకాళ్లు వణుకుతుంటే జాలేసి, మిషన్‌కుండే కమ్మీ చూపించి, "కమ్మీ గట్టిగా పట్టుకోండి సార్" అన్నాను. దానికి వేలాడుతూ ఆరు నిమిషాలు లాగారు. కాగితం మీద 7 మెట్స్ అని పడింది.

"ఏడు మెట్లేనా నాయనా? అలిపిరి నుంచి మూడున్నర వేలున్నాయే!" అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు వాడుకునే ఆక్సిజన్ ఒక మెట్ అని, దానికి ఏడింతలు లాగారు గనక హాయిగా ఎక్కేస్తారని అన్నాను. ఆ మాట చెప్పాల్సింది డాక్టరు. నాకెందుకు?

గాలిగోపురం చేరకముందే కూలబడ్డారు. కొడుకు వీపున మోసుకుని దించాడు. బతికారు. మూడు నెలల తర్వాత మా గదికొచ్చి, "ఆ రోజు కమ్మీ పట్టుకోవడం నా తప్పా?" అని అడిగారు. "మిషన్లు ఒక్కోసారి అంతే సార్" అన్నాను. పట్టుకోమన్నది నేనే. ఇది మీ అత్తకి కూడా తెలియదు.

చేతులు బరువు మోస్తే కాళ్ల మీద, గుండె మీద భారం తగ్గుతుంది. మీ కాలేజీలో ఊపిరి కొలిచే మాస్కు లేదు, నిమిషాలను బట్టే లెక్క కడతారు. ఆ లెక్కకి చేతుల సంగతి తెలియదు. కమ్మీ వదల్లేనివాళ్లకి మోడిఫైడ్ బ్రూస్ పెట్టు, సున్నా ఏటవాలుతో మొదలవుతుంది. తూలకుండా వేలికొసలు ఆనిస్తే చాలు. అదీ కుదరకపోతే కిందికి దించి ఆరు నిమిషాల నడక పెట్టు. 30 మీటర్ల వరండా దొరికితే బాగుంటుంది. చేతికర్ర వాడేవాళ్లను కర్రతోనే నడవనివ్వు, ఆ సంగతి రాసుకో. నువ్వు పక్కన నడవకు, నీ వేగం వాళ్లకి అంటుకుంటుంది. వీలైతే రెండుసార్లు చెయ్యి. రెండోసారి మామూలుగా ఇంకాస్త ఎక్కువే నడుస్తారు.

నాడి ఎంతదాకా పోవచ్చో చెప్పడానికి 220లోంచి వయసు తీసేసే లెక్కనీ నమ్ముకోకు. బీపీకి అటెనొలాల్ మింగేవాళ్ల నాడిని ఆ మాత్ర పైకి పోనివ్వదు. నాడి పెరగలేదు, ఇంకా ఓపికుంది అనుకున్నావో, మునిగావే. ఎంత కష్టంగా ఉందో వాళ్లే అంకెల్లో చెప్పే, 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు తమిళంలో, తెలుగులో పెద్దక్షరాలతో రాయించి గోడకి అంటించు. మన తాతలు "మూచ్చు వాంగుదు", ఆయాసమొస్తోంది అన్నాక కూడా ఇంకో నిమిషం లాగాలని చూస్తారు. చిన్నపిల్ల ముందు తగ్గడం వాళ్లకి నామోషీ. నీ నోటి కంటే ముందు నీ చెయ్యి స్టాప్ బటన్ మీదికి పోవాలి.

సరే, అసలు సంగతి. మీ అమ్మ కూడా పేరిచ్చిందట కదా, నాకు చెప్పకుండా! దాని ఎడమ మోకాలు నీకు తెలియదూ? ఆ రోజు నన్ను పిలువు. కమ్మీ పక్కనే నిలబడతాను. పట్టుకోమని మాత్రం అనను.

నీ మావయ్య