ఉనైజాలో కుటుంబంతో ఉండవచ్చా? ఉండవచ్చు, కానీ నెలలు చూసుకుని రండి

మీ ప్రశ్న ఇది: సౌదీలోని ఉనైజాలో ఒక వ్యవసాయ సంస్థ పంపులు, శీతల గిడ్డంగుల నిర్వహణ చూసే ఉద్యోగం ఇస్తానంటోంది, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకువెళ్లవచ్చా, ఎడారి మధ్య చిన్న ఊళ్లో విసుగుతో చచ్చిపోతామా అని. నేను ఆ ఊళ్లోనే ఖర్జూరం ప్యాకింగ్ చేసే ఒక సంస్థలో లెక్కలు చూస్తూ కొన్నేళ్లు కుటుంబంతో ఉన్నాను. నిశ్చింతగా వెళ్లవచ్చు. అయితే అందరూ భయపెట్టే ఎండ కన్నా, ఆ ఊరు ఏ నెలలో ఎలా నడుస్తుందో తెలుసుకోవడం మీకు ముఖ్యం.

ఉనైజా అల్ ఖసీమ్ ప్రాంతంలో ఉంది. బురైదా నగరం ముప్పై కిలోమీటర్ల దూరం, రియాద్ దాదాపు 350. రియాద్ నుంచి రైలు ఉంది, రెండున్నర గంటల ప్రయాణం. కాకపోతే స్టేషన్ బురైదా వైపు ఉంటుంది, అక్కడి నుంచి కారు తప్పదు. విమానం కిందికి దిగుతున్నప్పుడు కిటికీలోంచి చూస్తే గోధుమ రంగు నేల మీద వృత్తలేఖినితో గీసినట్టు పచ్చటి గుండ్రటి పొలాలు కనిపిస్తాయి. నడిమధ్య ఉన్న బోరు చుట్టూ నీటి గొట్టం తిరిగే పద్ధతి అది. లోతు నుంచి తోడే ఆ నీరు వేల ఏళ్ల నాటిది, మళ్లీ ఊరేది చాలా తక్కువ. అందుకే ప్రభుత్వం రైతుల దగ్గర గోధుమల కొనుగోలును 2008 నుంచి తగ్గిస్తూ 2016 నాటికి ఆపేసింది, తరువాత కొంతమేర మళ్లీ మొదలుపెట్టింది. మీ ఉద్యోగం పంపులతోనే కాబట్టి ఈ సంగతి రోజూ మీ చెవిన పడుతూనే ఉంటుంది.

ఊరిని నడిపించేది మాత్రం ఖర్జూరం, అందులోనూ సుక్కరీ అనే రకం. ఆగస్టు వచ్చిందంటే ఊరి గడియారమే మారిపోతుంది. తెల్లవారుజామున నమాజు అయ్యీ కాకముందే పికప్ బండ్లు అట్టపెట్టెలతో మార్కెట్‌లో బారులు తీరుతాయి. వేలం వేసే దల్లాల్ బండి దగ్గర నిలబడి గొంతు చించుకుంటాడు. కొనేవాళ్లు పైపెట్టె మూత తీసి ఒక పండు వేళ్లతో నొక్కి చూసి, కొరికి, ముఖంలో ఏ భావమూ కనపడనీయకుండా పక్క బండికి వెళ్లిపోతారు. మెత్తని రుతబ్ రకం తేనెరంగులో ఉండి నోట్లో కరిగిపోతుంది; కాస్త ఎండిన ముఫత్తల్ కొరికితే లోపల పేరుకున్న చక్కెర పళ్ల కింద కరకరమంటుంది. రుతబ్ బయట ఉంచితే నిలవ ఉండదు. ఇంటింటా ఫ్రీజర్లు నిండేది దానితోనే, మీ శీతల గిడ్డంగులకు ఊపిరాడని పని వచ్చేదీ దానితోనే.

అసలు చిక్కు ఇక్కడే. బురైదాలో భారత రాయబార కార్యాలయం కింద నడిచే సీబీఎస్ఈ పాఠశాల ఉంది. సెలవులు ఇచ్చేది వేసవి మధ్యలో, జూలై, ఆగస్టు నెలల్లో. ఆ సెలవులు ముగియకముందే మీ దగ్గర యంత్రాలు పగలూ రాత్రీ తిరగడం మొదలవుతుంది. పిల్లల సెలవులకూ మీ సెలవుకూ పొంతన కుదరదు. మా వాళ్లు ముందు వెళ్లిపోయేవారు, నేను పంట అయ్యాక వెళ్లేవాడిని. నియామక పత్రం మీద సంతకం పెట్టకముందే సెలవు ఏ నెలల్లో ఇస్తారో రాతపూర్వకంగా అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడిగేవాళ్లు ఎందుకో అరుదు.

డబ్బు విషయంలో ఇంకో మాట. కుటుంబానికి అకామా, అంటే నివాస అనుమతి, తీసుకుంటే ఒక్కొక్కరి మీద నెలకు 400 రియాళ్ల రుసుము ఉంటుంది. 2017లో వందతో మొదలై 2020 నాటికి ఇంతైంది. మీరు చెప్పిన ముగ్గురికి లెక్క వేస్తే ఏడాదికి 14,400 రియాళ్లు, అదీ అకామా పునరుద్ధరణ వేళ ముందే కట్టాలి. కట్టేది సంస్థా, మీరా? దీనికి నోటిమాట చాలదు. ఒప్పందం ఖివా అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదికలో నమోదై ఉండాలి. అందులో ఉన్న జీతమూ మీకు చెప్పిన జీతమూ ఒకటేనా అని చూసుకోండి.

మీ శ్రీమతిగారి రోజు ఎలా గడుస్తుందో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మీకు పని ఉంది, పిల్లలకు బడి ఉంది, ఆమెకు నాలుగు గోడలు మిగలకూడదు కదా. మధ్యాహ్నం దుకాణాలు చాలావరకు మూతపడి సాయంత్రం నాలుగు దాటాక తెరుస్తారు, ఆపైన రాత్రి పొద్దుపోయేదాకా సందడే. నడిచి వెళ్లే ఊరు కాదు. 2018 జూన్ నుంచి స్త్రీలూ కారు నడపవచ్చు. ఆమె లైసెన్సు తీసుకుంటే జీవితం సగం తేలికవుతుంది. వచ్చిన కొత్తలోనే ఆ పని మొదలుపెట్టమంటాను.

ఎండ గురించి చెప్పేది తక్కువే: జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు బయట ఎండలో పని చేయించకూడదని చట్టం. నన్ను ఇబ్బంది పెట్టింది వసంతకాలపు దుమ్ము. పిల్లల్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ముందే వైద్యుడితో మాట్లాడండి. డిసెంబర్, జనవరి రాత్రులు ఎముకలు కొరికే చలి, ఇళ్లలో వెచ్చదనానికి ఏర్పాటు ఉండదు, హీటర్ కొనాల్సిందే.

మనుషులు మంచివారు. 1920లలో అరేబియా తిరిగిన లెబనాన్ రచయిత అమీన్ రిహానీ ఈ ఊరిని నజ్ద్‌కు, అంటే అరేబియా నడిమి ప్రాంతానికి, పారిస్ అన్నాడని గర్వంగా చెప్పుకుంటారు. సినిమాలూ షికార్లూ ఊహించుకుని రాకండి, పరాయివాడిని కూర్చోబెట్టి మాట్లాడే అలవాటున్న ఊరని అర్థం. గురువారం రాత్రి ఇస్తిరాహాకు, అంటే ఊరి చివర అద్దెకిచ్చే తోట ఇంటికి, ఎవరైనా పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. చలికాలంలో గదా అనే ఎడారి పొదలున్న ఇసుక దిబ్బల మీద కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చుంటాయి, మా పిల్లలకు అదే పార్కు.

మీకు వీలుంటే అక్టోబర్ చివర ఒక్కరే రండి. పంట హడావిడి తగ్గి ఉంటుంది, ఇల్లు చూసుకోవడానికి, లైసెన్సుకు సమయం దొరుకుతుంది. పాఠశాల కొత్త తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి కాబట్టి కుటుంబాన్ని మార్చిలో రప్పించండి. బడి బురైదాలో, మీ పని ఉనైజాలో కనుక ఇల్లు ఏ ఊళ్లో తీసుకోవాలన్నది బడి బస్సు ఎక్కడిదాకా వస్తుందో కనుక్కున్నాకే తేల్చండి.